మా బావ పరుశురాం, జోల్వా గోలీ

మా అక్క లత పెళ్ళయిన కొత్తలో పరుశురాం బావ నన్ను మొదటిసారి పేరు పెట్టి పిలిచింది మైదానంలోనే. "దశరథం, ఎనక" అని అరిచాడు. తిరిగి చూస్తే అవతలి జట్టువాడొకడు నా భుజం పక్కనుంచి దూసుకుపోతున్నాడు. అప్పటికి ఇంట్లో అతను నాతో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండడు. అతను ఇంట్లో మాట్లాడేదే తక్కువ. గోల్‌పోస్టుల మధ్య నిలబడితే మాత్రం నోరు మూసేవాడు కాదు.

మేముండేది సూరత్‌లోని పాండేసర. మా నాన్నల తరం జనగామ వైపు నుంచి మగ్గాల పని కోసం వచ్చింది. మేము ఇక్కడే పుట్టాం, లేదంటే చంకన ఉండగా వచ్చాం. రంగుల మిల్లుల పొగగొట్టాల కింద, హౌసింగ్ కాలనీ వెనక ఉన్న ఖాళీ జాగానే మా మైదానం. అక్కడ ఒక గంట ఆడితే తెల్లబనీను బూడిదరంగుకు తిరుగుతుంది. మిగతా వీధులన్నీ క్రికెట్ ఆడుతుంటే మా వీధికి ఫుట్‌బాల్ అంటించినవాడు సోమలింగం మామ. ఆయన వయసులో ఉన్నప్పుడు భివండిలో మగ్గాలు నడిపాడు. అక్కడి కార్మికుల జట్లను చూసి పిచ్చి పట్టించుకుని, సూరత్ వచ్చాక మా అందరినీ పోగుచేసి మార్కండేయ క్లబ్ పెట్టాడు.

పరుశురాం బావ ఆయనకు సొంత మేనల్లుడు, ఆయన అక్క వెంకటవ్వ కొడుకు. చిన్నప్పుడు బావ పరుగెత్తితే ఆయాసపడేవాడట. "నువ్వు గీడనే నిలవడు. బాలే నీ తానకొస్తది" అని మామ రెండు రాళ్ళ మధ్య నిలబెట్టాడు. ఆ నిలబడడం నిలబడడం, రాళ్ళు ఇనుప పైపులయ్యాయి, వల వచ్చింది, బావకు పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆ గోలీ జాగా అతనిదేనని అందరికీ తెలుసు. అది వేరొకరిది కావచ్చన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చేది కాదు.

బావ మరీ పొడగరి కాదు. భుజాలు వెడల్పు, నడక నెమ్మది. ఎడమచేతి ఉంగరపు వేలు ఎప్పుడో బంతి తగిలి వంకరపోయి అలాగే అతుక్కుంది. ఇక గొంతు. మగ్గాల షెడ్డులో పక్కవాడితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. ఏళ్ళ తరబడి ఆ చప్పుడు మీద అరిచి అరిచి అతని గొంతు ఎలా తయారైందంటే, మైదానం ఈ కొసన నిలబడి పిలిస్తే ఆ కొసన గడ్డి మేసే గేదె తల ఎత్తేది.

ఆటలో అతను వాడే మాటలు ముఖ్యంగా మూడు. వెనక మనిషి వస్తున్నాడంటే "ఎనక". బంతి నేను పట్టుకుంటున్నా అంటే "నాది". బంతిని ముట్టుకోకు, అదే బయటికి పోతుంది అంటే "ఇడువు". ఆ మూడు మాటలకు మా కాళ్ళు అలవాటు పడిపోయాయి. చెవిన పడ్డాక బుర్ర ఆలోచించేలోపే కాలు ఆగేది. అందరికంటే ఎక్కువ అలవాటు పడ్డవాడు రాజు. రాజు రంగుల మిల్లులో పని చేస్తాడు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, బావ ముందు గోడలా నిలబడే డిఫెండర్. ఒకసారి ఎవరిదో పెళ్ళిలో రాజు పప్పు వడ్డిస్తుంటే, కాళ్ళకు అడ్డం తిరుగుతున్న కుక్క తోక పట్టుకున్న తన చిన్న బిడ్డను చూసి బావ "ఇడువు" అన్నాడు. రాజు గరిటె వదిలేశాడు. పప్పు ఎవరి ఒళ్ళో పడిందో ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

బావకు ముప్పై రెండో ఏడు నడుస్తుండగా, చుట్టుపక్కల క్లబ్బులు ఆడుకునే లీగు మొదట్లోనే వరసగా రెండు ఆటల్లో ఒకే తీరుగా గోల్ పడింది. మూల నుంచి బంతి ఎత్తుగా వస్తుంది. బావ ఎగురుతాడు. వేళ్ళకొసలకు అందీ అందనట్టు పోతుంది. వెనకనుంచి ఎవడో తల పెడతాడు. అతని మోకాలు ఒకటి సరిగా లేదని నాకు తెలుసు, ఇంటికొచ్చాక అక్క నూనె వెచ్చచేసి రుద్దేది. ఆ రెండు ఆటల తర్వాత మైదానంలో ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అంతకు ముందు గోల్ పడితే అందరం కలిసి తిట్టుకునేవాళ్ళం. ఈసారి తిట్టకపోవడంతోనే అతనికి సంగతి అర్థమైందనుకుంటాను.

అప్పటికి సూరత్ అవతలి కొసనున్న కోసాడ్ నుంచి శివకృష్ణ అనే కుర్రాడు మా దగ్గరికి వచ్చి ఆడుతున్నాడు. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. నిలబడ్డచోట నిలబడే చెయ్యి చాపితే పైన అడ్డంగా ఉన్న పైపు అందేది. మాట మెత్తన, ప్రతివాడినీ అన్నా అనేవాడు. అతన్ని చూసి ముచ్చటపడని వాళ్ళు లేరు. బావ కూడా ముచ్చటపడ్డాడు, అదే చిక్కు.

ఒకరోజు సాయంత్రం సోమలింగం మామ లోచో పొట్లం పట్టుకుని అక్కావాళ్ళింటికి వచ్చాడు. శనగపప్పు రుబ్బి ఆవిరికి ఉడికించి, పైన నూనె పోసి సన్నటి సేవ్ చల్లి ఇచ్చే సూరత్ ఫలహారం అది. నేను అక్కడే ఉన్నాను. మామ ఎవరింటికీ ఏదీ పట్టుకుపోయే మనిషి కాడు.

"ఏంది తమ్మీ, పొట్లం తెచ్చినవ్? ఎవలకన్న పానం బాగలేదా?" అంది వెంకటవ్వ.

"ఊకనే అక్కా. తొవ్వల కనవడ్డది" అన్నాడు మామ.

కూర్చున్నాడు. నల్లా నీళ్ళ గురించి మాట్లాడాడు. మిల్లుల పొగ గురించి మాట్లాడాడు. పెద్దపిల్ల ఏ బడికి పోతోందో, అది ఆయనకు బాగా తెలిసిందే, మళ్ళీ అడిగాడు. లోచో తింటూ బాగుందని మెచ్చుకున్నాడు, తెచ్చింది తనే కాబట్టి ఇంకెవరూ ఏమీ అనలేదు. బావ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని చూస్తున్నాడు. అక్క ఒక పక్కన చీర పరుచుకుని అంచు మీద రాళ్ళు అంటిస్తోంది. ఆ పని మా ఇళ్ళల్లో ఆడవాళ్ళందరూ చేస్తారు. ఆమె తల ఎత్తకుండానే అంది.

"మామా, శివకృష్ణను గోల్‌ల నిలవెడుతున్నరా?"

మామ నములుతున్నవాడు ఆగాడు. "అది కాదు బిడ్డా. నేనేమంటున్ననంటే..."

"అదే గద."

"జర కొన్ని ఆటలు సూద్దమని. పిలగాడు ఎట్లున్నడో, ఏందో" అని మామ బావ వైపు చూడకుండా గోడ మీది క్యాలెండర్‌కు చెప్పాడు.

బావ తన చేతుల వైపు చూసుకున్నాడు. "మంచిగున్నడు మామా పిలగాడు. వానికి చెయ్యందుతది" అన్నాడు. పొట్లం ముందుకు జరిపి, "తిను మామా, సల్లారుతది" అన్నాడు.

మామ వెళ్ళాక బావ లేచి పళ్ళాలు తీసుకెళ్ళి కడగడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో అతను పళ్ళెం కడగడం నేను అంతకుముందు చూడలేదు. ఉన్నవి నాలుగైదు పళ్ళాలు. వాటిని ఎంతసేపు కడిగాడంటే వెంకటవ్వ లోపలికి వెళ్ళి నల్లా కట్టేసి వచ్చింది.

ఆదివారం మామూలుగానే అందరికంటే ముందు మైదానానికి వచ్చాడు. వల కట్టాడు. శివకృష్ణకు బంతులు విసిరి ఒళ్ళు వేడెక్కించాడు. ఆట మొదలయ్యాక గీత బయట బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నది కాసేపే. లేచి నిలబడి, "రాజూ, ఎనక" అని అరిచాడు. రాజు తిరిగాడు. "దశరథం, ఇడువు" అన్నాడు. నేను వదిలేశాను. ఆట పొడుగునా మేము వెనక ఉన్న శివకృష్ణ మాట కాక, పక్కనున్న బావ మాట విన్నాం. రెండు ఆటలు అలాగే జరిగాయి. మూడోదానికి ముందు శివకృష్ణ బూట్లు కట్టుకుంటూ బావ పక్కన వచ్చి కూర్చున్నాడు. పాపం, ఆ మాట చెప్పడానికి వాడెంత ఇబ్బంది పడ్డాడో నేను చూశాను.

"అన్నా, ఒకటి చెప్త, ఏమనుకోవు గద. నువ్వు గీడికెల్లి మొత్తుకుంటే వాళ్ళు నా మాట ఇంటలేరు."

బావ తల ఊపాడు. "కరెక్టే రా. గోలీ మాటనే ఇనాలె" అన్నాడు.

ఆ రోజు ఆట మొత్తం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బంతి మా వైపు వచ్చినప్పుడల్లా ముందుకు వంగేవాడు, మళ్ళీ వెనక్కి ఆనేవాడు. మేము గెలిచాం. శివకృష్ణ మూలనుంచి వచ్చిన ప్రతి బంతినీ చెట్టు మీది కాయ కోసినట్టు కోసుకున్నాడు. ఇంటికి నడుస్తుంటే బావ నాతో అన్నాడు, "గెల్సినమని సంతోషమే అయింది దశరథం. గది అయిపోయినంక ఇగ ఏం జెయ్యాల్నో సమజయితలేదు."

ఆ తర్వాత మైదానానికి రావడం తగ్గించాడు. ఇంట్లో ఉండి ఆదివారాలు అక్క వంటింటి డబ్బాలన్నీ దించి మళ్ళీ పేర్చేవాడు. ఉప్పు ఎక్కడుందో అక్కకు దొరికేది కాదు. "మా తమ్మునివే గద, జర ఎటన్న తోల్కపో ఈయనను" అని నన్ను బతిమాలింది.

అతన్ని తోలుకుపోయింది నేను కాదు, మగ్గాలు. బావ పనిచేసే కార్ఖానా సేఠ్ పాండేసరలో జాగా చాలక పల్సాణా తాలూకా జోల్వా ఊళ్ళో కొత్త షెడ్డు కట్టాడు. వానలు వెళ్ళాక మగ్గాలన్నీ విప్పి లారీల్లో అక్కడికి చేర్చారు. వాటితోపాటు పనివాళ్ళూ వెళ్ళారు. బావ రోజూ షేరింగ్ ఆటోలు మారుతూ వెళ్ళి వచ్చేవాడు. వెంకటవ్వకు అది నచ్చలేదు. "ఊరు ఇడిసి ఈడికొస్తిమి. ఇప్పుడు మళ్ళ ఈడికెల్లి ఇంకో ఊరికా?" అని రోజూ అన్నం డబ్బా కడుతూ గొణిగేది.

జోల్వాలో ఆ షెడ్ల వెనక చెరుకు తోటలు. వాటికీ షెడ్లకూ నడుమ కొంత బీడు ఉంది. అక్కడి పనివాళ్ళలో ఎక్కువమంది గంజాం నుంచి వచ్చిన ఒడియావాళ్ళు. పొద్దున పాళీ మారే వేళ వాళ్ళు ఆ బీడులో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు. వాళ్ళ గోలీ చెల్లెలి పెళ్ళికని ఊరికి వెళ్ళి తిరిగి రాలేదు. అందుకని ఒక వైపు గోల్ ఖాళీగా ఉంచి, ఎవరికి వీలైతే వాళ్ళు వెనక్కి పరుగెత్తి ఆపేవాళ్ళు. బావ పనిలోకి వెళ్ళే ముందు గట్టున నిలబడి కొన్నాళ్ళు అది చూశాడు. ఆ ఖాళీ గోల్ వైపు చూసినప్పుడల్లా తనకు ఎలా ఉండేదో నాకు తర్వాత చెప్పాడు. "ఇంటి తలుపు తీసి పెట్టి అందరు బయటికి పోయినట్టు ఉంటుండె దశరథం. పోయి మూసి రావాలనిపిస్తుండె."

ఒకరోజు డబ్బా గట్టున పెట్టి, చెప్పులు విప్పి, వెళ్ళి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. ఎవరూ పొమ్మనలేదు. మొదటి బంతి అతని గుండెకు వచ్చి తగిలింది, రెండు చేతులతో కావలించుకున్నాడు. అది తిరిగి విసరకుండా కొంచెంసేపు అలాగే పట్టుకుని నిలబడితే, ఆ జట్టు కెప్టెన్ బిపిన్ స్వైఁ నడిచి వచ్చి హిందీలో అడిగాడట, "భయ్యా, బాల్ ఇస్తావా, ఇంటికి తీసుకుపోతావా?"

బిపిన్ బావ కంటే కొంచెం చిన్నవాడు, సన్నగా, ఎప్పుడూ నవ్వే మనిషి. ఆ చలికాలం మొదలయ్యే లీగులో వాళ్ళ జట్టు పేరు ఇవ్వాలనుకుంటోంది. గోలీగా రమ్మని బావను అడిగాడు. లీగులో ఒక మనిషి ఒక్క జట్టుకే ఆడాలి. పాత క్లబ్ పెద్ద ఒప్పుకుంటేనే కొత్తదానిలో చేరవచ్చు. అంటే సోమలింగం మామ సరే అనాలి.

ఆ మాట అడగడానికి బావకు రెండు వారాలు పట్టింది. చివరికి అక్క, వెంకటవ్వ, నేను అందరం కలిసి వెళ్ళాం. మామ మంచం మీద కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. బావ నిలబడే చెప్పాడు.

"మామా, జోల్వల ఒడియావాళ్ళు రమ్మంటున్నరు. గోలీ లేడంట వాళ్ళకు."

మామ గోరు కత్తెర పక్కన పెట్టాడు. "నన్ను ఇడిసి పోతవా?"

"నువ్వు తీసేసినవ్ గద మామా" అంది అక్క.

"నేను తీసెయ్యలే. కూసోమన్న" అన్నాడు మామ. "వీనికి నడక రానప్పటికెల్లి నేను గోల్ల నిలవెట్టిన. మనోళ్ళను ఇడిసి, బాస రానోళ్ళ దిక్కు ఆడుతడట."

అంతవరకూ గడప దగ్గర కూర్చుని ఉన్న వెంకటవ్వ అప్పుడు మాట్లాడింది. "తమ్మీ, నిలవెట్టినోనివి నువ్వే. కూసోవెట్టినోనివి నువ్వే. ఇప్పుడు లేస్తనంటున్నడు పిలగాడు. లేవనియ్యి."

మామ మళ్ళీ గోళ్ళు తీసుకోవడం మొదలుపెట్టి, "పో" అన్నాడు. ఆ పో అనడం ఒప్పుకోవడమో కోపమో తెలియక మేము ఇంకాసేపు నిలబడ్డాం. ఆయన భార్య ఐలమ్మ చాయ్ తెచ్చింది కాబట్టి ఒప్పుకున్నాడనే అనుకుని వచ్చేశాం. కానీ ఆ తర్వాత కొన్ని నెలలు మామ బావతో మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే చంద్రుడినో కరెంటు స్తంభాన్నో చూస్తూ పోయేవాడు.

జోల్వా జట్టుకు బావ ఆడిన మొదటి ఆట నేను చూడడానికి వెళ్ళాను. పాడైపోయింది. మొదటి అయిదు నిమిషాల్లోనే ఎత్తుగా ఒక బంతి వచ్చింది. బావ "నాది" అని అరుస్తూ ముందుకు వచ్చాడు. ఆ మాటకు అర్థం తెలియని ఇద్దరు డిఫెండర్లు కూడా దాని కోసమే ఎగిరారు. ముగ్గురూ గుద్దుకుని పడ్డారు. బంతి నెమ్మదిగా దొర్లుకుంటూ లోపలికి పోయింది. తర్వాత "ఇడువు" అన్నప్పుడు ఒకడు ఇంకా గట్టిగా తన్ని సొంత గోల్‌లోకే కొట్టినంత పని చేశాడు. హిందీలో చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. ఆ క్షణంలో నోటికి వచ్చేది అమ్మ భాషే, అది ఆలోచించి వచ్చేది కాదు.

ఆట అయ్యాక బిపిన్ బావ పక్కన కూర్చుని, చాలా మర్యాదగా అడిగాడు. "భయ్యా, ఏమీ అనుకోవద్దు. నువ్వు మమ్మల్ని తిడుతున్నావా?"

బావ కంగారుపడి వచ్చీరాని హిందీలో ఆ మూడు మాటలూ ఏమిటో చెప్పాడు. వాళ్ళంతా నవ్వారు. ఆ మధ్యాహ్నం బావనూ నన్నూ తమ గదికి భోజనానికి తీసుకెళ్ళారు. అందరూ కలిసి వండుకునే పెద్ద గది అది. నీళ్ళలో నానబెట్టిన అన్నం, వేయించిన ఎండుచేపలు, ఉల్లిపాయ. పఖాళ అంటారట. బావ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "గిది మా అవ్వ పెట్టే సద్దన్నమే గద" అన్నాడు నాతో. తింటూనే బిపిన్ పాఠం మొదలుపెట్టాడు. నాదికి మోర. ఎనకకు పఛరే. ఇడువుకు ఛాడ. బావ వేళ్ళకు అంటిన అన్నం నాకుతూ, బడిపిల్లాడిలా మోర, పఛరే, ఛాడ అని అన్నాడు. ఛాడ అన్నప్పుడు బిపిన్ తలుపు దగ్గర కూర్చున్నవాణ్ణి చూసి కన్నుగీటాడు. వాడు వెంటనే చేతిలోని ఉల్లిపాయ కింద పడేశాడు. గదంతా నవ్వింది.

తర్వాతి వారాల్లో బావ షెడ్డులో మగ్గాల మధ్య తిరుగుతూ కూడా ఆ మాటలే అనుకునేవాడట. ఇంట్లో చిన్నబిడ్డ దుప్పటి లాగితే "ఛాడ" అన్నాడని అక్క ఫోన్ చేసి చెప్పింది. వెంకటవ్వకు ఇంకా ఏదో శంక. "ఏం మాటలో, ఏందో" అని దీపం దగ్గర దండం పెట్టుకునేది. జోల్వా జట్టు మాత్రం నెమ్మదిగా నిలదొక్కుకుంది. ఆ డిఫెండర్లు కురచ మనుషులు, చురుకు. కొట్టేవాడి కాళ్ళ దగ్గరే అడ్డంపడి ఎత్తు బంతులు బావ దాకా రాకుండానే చూసుకునేవాళ్ళు. అందని చెయ్యి గురించి అక్కడ ఎవరికీ పట్టలేదు.

సంక్రాంతి గాలిపటాలు తీగల నిండా చిక్కుకుని ఉన్న రోజుల్లో మాకూ జోల్వాకూ ఆట పడింది. మా మైదానంలోనే. బావ అటు వైపు గోల్‌లో నిలబడితే నాకు చూడబుద్ధి కాలేదు. ఈ వైపు మా గోల్‌లో శివకృష్ణ. ఆట మొదలయ్యే ముందు వాడు మైదానం అడ్డంగా నడిచి వెళ్ళి బావ కాళ్ళకు వంగాడు. బావ వాడి చేతి తొడుగులు సరిచేసి పంపించాడు. సోమలింగం మామ అదేమీ చూడనట్టు గీత పక్కన నిలబడ్డాడు.

ఆట సగందాటినా గోల్ పడలేదు. చివరి భాగంలో మాకు మూల నుంచి కొట్టే అవకాశం వచ్చింది. రాజు పొడగరి కాబట్టి అటువంటప్పుడు ముందుకు వస్తాడు. బంతి వచ్చింది, ఎవరి కాలికో తగిలి దారి మళ్ళింది, బావ ఒక వైపు దూకి పడిపోయాడు, బంతి తిన్నగా రాజు పాదాల ముందు ఆగింది. ముందు ఎవరూ లేరు. ఖాళీ గోల్. రాజు కాలు వెనక్కి తీశాడు. కింద పడి ఉన్న బావ నోట్లోంచి వచ్చింది, మోర కాదు, ఛాడ కాదు.

"ఇడువు."

రాజు వదిలేశాడు. కాలు గాలిలోనే ఆపి, రెండు చేతులూ పక్కకు చాపి, బంతి బయటికి పోతుందని నిలబడి చూస్తున్నాడు. అది ఎక్కడికీ పోవడం లేదు. బిపిన్ పరుగెత్తుకొచ్చి దాన్ని ఓ కిలోమీటరు దూరం తన్నాడు.

"ఏందిరా రాజూ, బాల్ ఎందుకు ఇడిసినవ్?" అని మామ గీత దాటి లోపలికి వచ్చాడు.

రాజు ముఖం చూడాలి. "పరుశురాం అన్న ఇడువు అన్నడు గద" అన్నాడు.

మా జట్టు జట్టంతా కూలబడి నవ్వింది. నేనూ నవ్వాను. రిఫరీ ఒక గుజరాతీ వ్యాయామ మాస్టారు, ఆయనకు తెలుగు రాదు. ఒడియావాళ్ళకూ రాదు. ఏం జరిగిందో వాళ్ళెవరికీ తెలియలేదు. రిఫరీ ఆట ముందుకు సాగమన్నాడు కూడా. అప్పుడు బావ లేచి, ఒంటి మీది దుమ్ము దులుపుకుని, చెయ్యి ఎత్తి ఆయన దగ్గరికి నడిచాడు. హిందీలో చెప్పాడు, "సార్, బాల్ వదిలెయ్యమని నేనే అన్నాను. రాజు తన జట్టువాడి మాటే అనుకుని వదిలేశాడు."

ఎదుటివాణ్ణి మాటతో మోసం చేస్తే తప్పు కిందే లెక్క. రిఫరీ బావకు పసుపు కార్డు చూపించి, గోల్‌కు దగ్గరలోనే మాకు ఫ్రీ కిక్ ఇచ్చాడు. జోల్వావాళ్ళంతా గోల్ ముందు బారుగా నిలబడ్డారు. నేను బంతిని కొంచెం కదిపాను, రాజు కళ్ళు మూసుకుని తన్నాడు. ఎవరి మోకాలికో తగిలి లోపలికి పోయింది. ఆ ఒక్క గోల్‌తో మేము గెలిచాం.

ఆట అయ్యాక బిపిన్ బావను నిలదీశాడు. కోపం లేదు గానీ బాధ ఉంది. "ఎవరికీ తెలియదు కదా భయ్యా, ఎందుకు చెప్పావు?"

బావ రాజు వైపు చూపించాడు. "చెప్పకుంటే వాడు పిచ్చోడైతుండె. ఖాళీ గోల్ ముంగట బాల్ ఇడిసిండని బతికినన్ని దినాలు నవ్వుతుండిరి" అన్నాడు. అది తెలుగులోనే అనేశాడు. నేను హిందీలో చెప్పాల్సి వచ్చింది. బిపిన్ కాసేపు రాజును చూసి, "వాడు ఇప్పుడు మాత్రం నవ్వులపాలు కాలేదా?" అన్నాడు. అది నిజమే. కానీ ఇప్పటి నవ్వు రాజు కూడా కలిసి నవ్వే నవ్వు.

అంతలో మామ వచ్చాడు. కరెంటు స్తంభం లేదు, చూడడానికి బావ ఒక్కడే ఉన్నాడు. "మా పిలగాండ్లు ఇంకా నీ మాటనే ఇంటున్నరు" అన్నాడు.

"అలవాటు మామా. నోట్లకెల్లి వచ్చేసింది."

"తెలుసు" అన్నాడు మామ. బావ మోకాలు వైపు చూసి, "నూనె పెడుతున్నవా లేదా?" అని అడిగాడు. ఆ రోజు ఇద్దరూ కలిసే ఇంటికి నడిచారు.

తర్వాతి ఏడాది శివకృష్ణకు వాపిలో ఏదో కంపెనీలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. మా గోల్ ఖాళీ అయింది. మామ మళ్ళీ అక్కావాళ్ళింటికి వచ్చాడు, ఈసారి ఖాళీ చేతులతో, నేరుగా విషయానికే వచ్చాడు.

"నీ జాగ నీకే ఉంది. వచ్చెయ్యి."

నాకైతే బావ వెంటనే ఒప్పుకుంటాడనిపించింది. అక్క కూడా రాళ్ళు అంటించడం ఆపి చూసింది.

"మామా, అన్నం తిననీకి ఎప్పుడు పిలిచినా వస్త. గోల్ల నిలవడనీకి రాను" అన్నాడు బావ. మాట మెత్తగానే ఉంది. "నువ్వు తీసేసినవని కాదు. వాళ్ళు నాకోసం గోల్ ముంగట ఎట్ల నిలవడాల్నో నేర్సుకున్నరు. నేను వాళ్ళకోసం బాస నేర్సుకున్న. ఇప్పుడు లేసి వస్తే మంచిగుండదు."

"మరి మాకెవలు?"

"రాజును నిలవెట్టు. పొడుగున్నడు, భయం లేదు. బాల్ ఇడువకుండ నేను నేర్పుత."

మామ నమ్మలేదు. కానీ వేరే దారి లేదు. రాజు గోలీ అయ్యాడు. మొదటి ఆటల్లో ఘోరంగా ఆడాడు, ఇప్పుడు ఫరవాలేదు. వారానికో పొద్దున బావ వచ్చి వాడికి బంతులు విసిరి వెళ్తాడు.

బావ కుటుంబం కిందటి వేసవిలో జోల్వాకు మారింది. వెంకటవ్వ సామాను సర్దుతున్నంతసేపూ తిట్టింది. అక్కడ పక్కింటి ఒడియా ముసలమ్మతో ముచ్చట్లలో ఇప్పుడు ఆమెకు ఒక్క నిమిషం తీరదు. ఒకరి భాష ఒకరికి రాదు, కోడళ్ళ మీద చెప్పుకుంటున్నారని అక్క అనుమానం. బావ ఇంకా ఆడుతున్నాడు. మోకాలు ఎన్నాళ్ళు సాగనిస్తుందో తెలియదు. అడిగితే, "ఇంకోడు దొరికేదాక" అంటాడు. వెతుకుతున్నట్టు మాత్రం కనిపించడు.

సోమలింగం మామ మా ఆట లేని ఆదివారాలు షేరింగ్ ఆటో ఎక్కి జోల్వా వెళ్తాడు. చెరుకుతోట పక్కన ఆయనకు ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. ఎవరికీ అర్థంకాని తెలుగులో ఆయన అందరికీ సలహాలిస్తాడు, వాళ్ళు తలలూపుతారు. ఆట మధ్యలో బిపిన్ స్వయంగా చాయ్ తెచ్చి ఇస్తాడట. ఇన్నేళ్ళ నుంచీ క్లబ్ నడుపుతుంటే మాలో ఒక్కడైనా చాయ్ తెచ్చిచ్చాడా అని ఆయన ఇప్పుడు మాతో గొడవ పెట్టుకుంటున్నాడు.